హజీరా నుంచి లద్దాఖ్ దాకా: టర్బో ఇంజిన్‌కు ఇంధనం ఎక్కడ ఆగుతుంది?

సూరత్ నగరానికి పడమర, తపతి నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. అక్కడి ఎల్ అండ్ టీ కర్మాగారంలో కే9 వజ్ర అనే శతఘ్ని తయారవుతుంది. యుద్ధ ట్యాంకులా ఇనుప ట్రాక్‌ల మీద తనంతట తాను కదిలే ఈ బండి బరువు దాదాపు 50 టన్నులు. దాన్ని నడిపేది 1,000 హార్స్‌పవర్ టర్బో డీజిల్ ఇంజిన్. 2017లో సైన్యం 100 శతఘ్నులకు ఒప్పందం చేసుకుంది. వందోది 2021 ఫిబ్రవరిలో హజీరా నుంచి బయటికి వచ్చింది.

మొదట వీటిని రాజస్థాన్ ఎడారి కోసమని అనుకున్నారు. గల్వాన్ ఘర్షణ తర్వాత లెక్క మారింది. 2021లో ఒక రెజిమెంట్‌ను లద్దాఖ్‌కు ఎక్కించారు. సముద్రమట్టంలో, ఏడాదంతా ఉక్కపోసే ఊళ్లో పుట్టిన బండి ఒక్కసారిగా గాలి పలచగా ఉండే ఎత్తులో, సున్నాకు ఎంతో దిగువన ఉండే చలిలో పని చేయాల్సి వచ్చింది. అందుకోసం చలికి తట్టుకునే బ్యాటరీలు, నూనెలు, లూబ్రికెంట్లతో ప్రత్యేక కిట్లు సమకూర్చారు. బండి అక్కడ నిలబడింది. 2024 డిసెంబరులో రక్షణ శాఖ మరో 100 శతఘ్నులకు 7,629 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుంది.

మంచు మీద టర్బో ఇంజిన్‌ను నడపడంలో వచ్చే చిక్కుల్లో అందరికీ తట్టేది స్టార్ట్ కాకపోవడం. అంతగా తట్టనిది, ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటి ఉంది. ఇంజిన్ బాగానే స్టార్ట్ అవుతుంది, నిలకడగా తిరుగుతుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఇంధనం చాలదు. ట్యాంకు నిండుగానే ఉంటుంది. ఇంజిన్ మాత్రం ఆకలితో ఉంటుంది. కెనడా, అమెరికా కొండల్లో మంచు బండ్లు నడిపేవారికి ఇది రోజువారీ బెడద. సూరత్ నుంచి హైదరాబాద్‌కు చీరల లోడుతో వచ్చే లారీ డ్రైవర్‌కు కూడా ఇదే బెడద వేరే రూపంలో తెలుసు.

ట్యాంకు ఖాళీ కావడం వేరు, ట్యాంకులో ఉన్నది ఇంజిన్ దాకా చేరకపోవడం వేరు. విమానయాన దర్యాప్తుల్లో ఈ రెంటినీ రెండు వేర్వేరు పేర్లతో నమోదు చేస్తారు. మొదటిదానికి కారణం ఎక్కువగా లెక్క తప్పడం. రెండోదానికి కారణం ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య దారిలో ఎక్కడో ఉంటుంది. ఈ వ్యాసం రెండోదాని గురించే.

గాలిని నొక్కి పంపితే ఏమవుతుంది?

టర్బో చేసే పని ఒక్కటే. వృథాగా పోయే పొగ బలంతో చిన్న చక్రాన్ని తిప్పి, దానితో ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపుతుంది. వాతావరణ పీడనం సుమారు 1 బార్. టర్బో దానికి మరో 1 బార్ కలిపితే సిలిండర్‌లోకి దాదాపు రెట్టింపు గాలి పోతుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి రెట్టింపైతే పెట్రోలూ రెట్టింపు కావాలి. నిజానికి అంతకంటే కాస్త ఎక్కువే పోయాలి. ఒత్తిడిలో మండేటప్పుడు పుట్టే వేడిని అదుపులో ఉంచడానికి టర్బో పెట్రోలు ఇంజిన్లలో ఒక పాలు పెట్రోలుకు 12 పాళ్ల గాలి దగ్గర నడపడం మామూలు.

లీటర్లలో చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. మన రోడ్ల మీద తిరిగే 1.2 లీటర్ల టర్బో పెట్రోలు కారు 120 హార్స్‌పవర్ ఇస్తుందనుకుందాం. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఆ ఇంజిన్ గంటకు తాగేది ఒక లీటరు లోపే. పూర్తి శక్తితో పరుగెత్తేటప్పుడు అదే ఇంజిన్‌కు గంటకు 35 లీటర్లకు పైగా వెళ్లాలి. అంటే ఒకే పంపు, ఒకే ఫిల్టరు, ఒకే గొట్టం దాదాపు 40 రెట్ల తేడాను మోయాలి. 1,000 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్‌కు ఇదే లెక్క వేస్తే పూర్తి శక్తి దగ్గర గంటకు సుమారు 200 లీటర్లు తేలుతుంది.

అందుకే మెకానిక్ దుకాణం ముందు బండి ఆపి, ఇంజిన్‌ను ఊరికే తిప్పి, ప్రెషర్ బాగానే ఉందని చెప్పే మాటకు విలువ తక్కువ. సగం మూసుకుపోయిన ఫిల్టరు గుండా గంటకు ఒక లీటరు హాయిగా వెళ్తుంది. 35 లీటర్లు వెళ్లవు. ఇంధనం అందకపోవడం అనే జబ్బు విశ్రాంతిలో కనిపించదు, పరుగులోనే కనిపిస్తుంది. మనిషి గుండెకు ట్రెడ్‌మిల్ మీద పరీక్ష చేసేది కూడా ఇందుకే.

ఇక్కడ టర్బోకు మాత్రమే ఉండే మెలిక ఒకటి ఉంది. పాతకాలపు పద్ధతిలో ఇంజెక్టరు ఇంధనాన్ని చిమ్మేది గాలి వచ్చే గొట్టంలోకి. మామూలు ఇంజిన్‌లో ఆ గొట్టంలో ఎదురు ఒత్తిడి ఉండదు. టర్బో ఇంజిన్‌లో ఉంటుంది. ఇంధనం 3 బార్ ఒత్తిడితో వస్తోంది, ఎదురుగా టర్బో గాలి 1 బార్‌తో నెడుతోంది అనుకుంటే, నిజంగా పనిచేసే ఒత్తిడి 2 బార్లే. ప్రవాహం ఒత్తిడికి వర్గమూలంగా మారుతుంది కాబట్టి ఇంజెక్టరు నుంచి వచ్చే ఇంధనం 18 శాతం దాకా తగ్గుతుంది. గాలి రెట్టింపైన క్షణంలోనే ఇంధనం తగ్గుతుందన్నమాట.

దీనికి విరుగుడు ఏనాడో కనిపెట్టారు. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు గాలి గొట్టం నుంచి సన్నని రబ్బరు పైపు కలుపుతారు. గాలి ఒత్తిడి 1 బార్ పెరిగితే ఇంధన ఒత్తిడి కూడా సరిగ్గా 1 బార్ పెరుగుతుంది. వేళ్ల మందం కూడా లేని ఆ పైపు ఎండకు పగిలినా, ఊడిపోయినా ఇంజిన్ మామూలు నడకలో ఏ తేడా చూపించదు. గట్టిగా తొక్కినప్పుడే బయటపడుతుంది. పైగా ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. 3 బార్ల దగ్గర పంపు డబ్బా మీద రాసి ఉన్న లీటర్లు 5 బార్ల దగ్గర రావు. పంపుకు వెళ్లే వైరు పాతబడి ఒక వోల్టు తగ్గినా అది నెమ్మదిగా తిరుగుతుంది. ఇలా ఒక్కొక్కటీ చిన్న లోపమే. అన్నీ ఒకే క్షణంలో కలుస్తాయి.

ఇంధనం ఉంది, ఇంజిన్‌కు చేరలేదు

ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది ఒక విమానం వల్ల. దానిలోది టర్బో పిస్టన్ ఇంజిన్ కాదు, జెట్ ఇంజిన్. సూత్రం మాత్రం ఇదే. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 హీత్రో విమానాశ్రయంలో దిగబోతోంది. నేల ఇంకా 700 అడుగుల దిగువన ఉండగా ఇంజిన్లు ఎక్కువ శక్తి ఇవ్వాల్సి వచ్చింది. ముందు ఒకటి, కొద్ది సెకన్లలో రెండోదీ వెనక్కి తగ్గాయి. ట్యాంకుల్లో ఇంకా 10 టన్నులకు పైగా ఇంధనం ఉంది. విమానం రన్‌వేకు ముందే గడ్డి నేల మీద పడింది. అందులోని 152 మందీ బతికారు.

దర్యాప్తులో తేలింది ఇది. ఇంధనంలో ఎప్పుడూ అతి కొద్దిగా నీరు ఉంటుంది. సైబీరియా మీదుగా గంటల తరబడి సాగిన ప్రయాణంలో ఆ నీరు మంచై గొట్టాల లోపలి గోడలకు అంటుకుంది. ఇంజిన్లకు తక్కువ ఇంధనం చాలిన ఆ గంటల్లో ఏ ఇబ్బందీ లేదు. చివరికి ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడు, ఆ మంచు ఊడి వచ్చి, ఇంధనాన్ని వేడిచేసే పరికరం ముఖాన పేరుకుని దారి మూసేసింది. ఆ తర్వాత రోల్స్ రాయిస్ ఆ పరికరం ఆకారాన్ని మార్చింది. నియమాలన్నీ పాటించిన విమానం అది. ఇంధనంలో నీరు కూడా అనుమతించిన పరిమితిలోనే ఉంది.

మంచు బండ్లలో జరిగేది దీనికి చిన్న తమ్ముడే. బీఆర్‌పీ సంస్థ స్కీడూ పేరుతో 2020 మోడల్‌గా తెచ్చిన బండి, కర్మాగారంలోనే టర్బో బిగించి అమ్మిన మొట్టమొదటి టూ-స్ట్రోక్ మంచు బండి. 8,000 అడుగుల ఎత్తు వరకు 165 హార్స్‌పవర్ తగ్గకుండా ఇస్తుందన్నది దాని ఆకర్షణ. తర్వాత పోలారిస్ కూడా అదే బాట పట్టింది. అంతకు ముందు చాలా ఏళ్లుగా అక్కడి కుర్రాళ్లు మామూలు బండికి విడిగా టర్బో బిగించుకునేవారు. వాటిలోనే ఎక్కువగా పిస్టన్లు కరిగేవి. టర్బో కొత్తది, ఇంధనం పంపు మాత్రం పాతది కావడమే అందుకు ముఖ్య కారణం.

చలి అక్కడ రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. మైనస్ 30 డిగ్రీల గాలి, 30 డిగ్రీల గాలి కంటే దాదాపు నాలుగో వంతు చిక్కగా ఉంటుంది. అంటే ఇంధనమూ నాలుగో వంతు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే ఇంధనంలోని తేమ గడ్డకట్టి ఫిల్టరు మూసుకుంటుంది, ట్యాంకు మూతలోని గాలి రంధ్రంలో మంచు పొడి దూరుతుంది. గాలి లోపలికి పోకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు ఎంత లాగినా ఇంధనం రాదు. మూత కొంచెం వదులు చేయగానే బుస్సుమని శబ్దం వచ్చి బండి మళ్లీ బాగుపడితే రోగం అదే. దీనికి ఖర్చు కూడా లేదు.

నిటారు కొండ ఎక్కేటప్పుడు ట్యాంకులోని పెట్రోలంతా వెనక్కి జారుతుంది. లాగే గొట్టం ముందు భాగంలో ఉంటే అది గాలిని మింగుతుంది. ఆ సమయానికి ఇంజిన్ పూర్తి శక్తి మీద ఉంటుంది. అందుకే మంచి తయారీదారులు ట్యాంకు లోపల అడ్డుగోడలు, పంపు చుట్టూ చిన్న గిన్నె లాంటి అర పెడతారు. ట్యాంకు ఎటు వంగినా ఆ గిన్నెలో కొన్ని సెకన్లకు సరిపడా ఇంధనం నిలుస్తుంది. విడిగా టర్బో బిగించేవారు చేయాల్సిన మొదటి పని ఈ గిన్నె ఏర్పాటే. చాలామంది దాన్ని చివరికి వదిలేస్తారు.

పెట్రోలు కాలుతుంది, డీజిల్ నీరసిస్తుంది

ఇంధనం తగ్గినప్పుడు పెట్రోలు ఇంజిన్, డీజిల్ ఇంజిన్ ఒకేలా ప్రవర్తించవు. ఈ తేడా తెలియక నష్టపోయేవారు చాలామంది.

డీజిల్ ఇంజిన్‌లోకి గాలి ఎప్పుడూ పుష్కలంగా పోతుంది. శక్తిని నిర్ణయించేది ఇంధనమే. అది తగ్గితే ఇంజిన్ నీరసిస్తుంది. పికప్ పడిపోతుంది, ఎత్తు మీద గేరు కిందికి దించాల్సి వస్తుంది, చివరికి ఆగిపోతుంది. కాలిపోవడం సాధారణంగా జరగదు. పెట్రోలు టర్బో ఇంజిన్ అలా కాదు. గాలి రెట్టింపై పెట్రోలు తగ్గితే ఆ మిశ్రమం మరింత వేడిగా మండుతుంది. మంట తన సమయానికి ముందే తానుగా రేగి సిలిండర్‌లో సుత్తి కొట్టినట్టు శబ్దం వస్తుంది. టూ-స్ట్రోక్ ఇంజిన్లలో పిస్టన్‌ను చల్లబరిచే పనిలో పెట్రోలుకు కూడా వాటా ఉంటుంది కాబట్టి పరిస్థితి ఇంకా ఘోరం. అల్యూమినియం పిస్టన్‌కు నడినెత్తిన రంధ్రం పడటానికి కొన్ని సెకన్లు చాలు. అందుకే మంచు బండి పూర్తి వేగంలో ఒక్క క్షణం తడబడితే అనుభవజ్ఞులు వెంటనే థ్రాటిల్ వదిలేస్తారు. ఇంకాస్త తొక్కితే సర్దుకుంటుందనుకున్నవారికి ఆ సీజన్ అక్కడితో అయిపోతుంది.

డీజిల్‌కు చలిలో ఇంకో గండం ఉంది. దానిలో సహజంగానే మైనం ఉంటుంది. చల్లబడేకొద్దీ ఆ మైనం మొదట మసకగా, తర్వాత చిన్న పలుకులుగా విడిపోయి ఫిల్టరులో పేరుకుంటుంది. చివరికి డీజిల్ నెయ్యిలా గడ్డకడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు డీజిల్ ప్రవహించగల కనిష్ఠ ఉష్ణోగ్రత చలికాలంలో 3 డిగ్రీలు, మిగతా కాలంలో 15 డిగ్రీలకు మించకూడదు. సూరత్‌కు అది చాలా ఎక్కువ. ద్రాస్‌లో ఆ డీజిల్ ఎందుకూ పనికిరాదు. లద్దాఖ్ వాహనదారులు ఏళ్ల తరబడి డీజిల్‌లో కిరోసిన్ కలుపుకుని నెట్టుకొచ్చారు. కిరోసిన్‌కు జిడ్డు తక్కువ కాబట్టి పంపులు త్వరగా అరిగిపోయేవి. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీలో తయారైన ప్రత్యేక చలికాలపు డీజిల్‌ను లద్దాఖ్‌లో ప్రవేశపెట్టింది. మైనస్ 33 డిగ్రీల దాకా అది గడ్డకట్టదు. ఇంజిన్‌ను మార్చకుండా ఇంధనాన్ని మార్చి ఆకలి తీర్చిన సందర్భం ఇది. దీని గురించి శతఘ్నుల గురించి మాట్లాడుకున్నంతగా ఎవరూ మాట్లాడుకోలేదు.

ఎత్తు వల్ల వచ్చే చిక్కు ఇంకొంచెం సూక్ష్మం. పంపు ఇంధనాన్ని లాగుతుందని మనం అంటాం. నిజానికి ట్యాంకు మీద ఉన్న వాతావరణ పీడనమే దాన్ని పంపు వైపు నెడుతుంది. సముద్రమట్టంలో ఆ పీడనం 1 బార్. లేహ్ ఎత్తులో దాదాపు మూడింట రెండు వంతులే. సూరత్‌లో ఏ ఇబ్బందీ పెట్టని ఫిల్టరు, అదే గొట్టం అక్కడ అడ్డంకి అవుతుంది. పంపును ట్యాంకు లోపలే అమర్చి అక్కడి నుంచి నెట్టించడం దీనికి మేలైన దారి.

సూరత్ రోడ్డు మీద

సూరత్‌లోని లింబాయత్ వంటి ప్రాంతాల్లో వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీ నేత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ మగ్గాల నుంచి, మార్కెట్ల నుంచి తెలుగు నేలకు వచ్చే సరుకుతో సూరత్ వదిలిన లారీలు చాలావరకు హజీరా దగ్గర మొదలయ్యే 53వ నంబరు జాతీయ రహదారి మీద ధూలే వైపు సాగుతాయి. నవాపూర్ దాటాక కొండాయిబారీ ఘాట్ వస్తుంది. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కే లారీ ఇంజిన్‌కు అప్పటిదాకా లేనంత ఇంధనం కావాలి. సూరత్ ట్రాఫిక్‌లో దాక్కున్న లోపం ఆ మలుపుల దగ్గర బయటపడుతుంది.

లారీలో అనుమానించాల్సినవి ఎక్కువగా రెండు. ఒకటి గాలి, రెండోది నీరు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టంలో ఒత్తిడి ఉండదు, లాగుడు ఉంటుంది. అందువల్ల అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా కనిపించదు కాబట్టి లీకేజీ లేదని డ్రైవర్ నమ్ముతాడు. రాత్రి ఆపిన బండి పొద్దున హ్యాండ్ పంపు కొడితే గానీ స్టార్ట్ కాకపోతే గాలి దూరుతున్నట్టే. ఫీడ్ పంపుకు ముందు ఒక అడుగు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. వాషర్లు, క్లిప్పులు మార్చడంతో తీరే ఈ సమస్యకు పంపు విప్పించి వేలు ఖర్చుపెట్టించే వర్క్‌షాపులు తక్కువేం లేవు.

నీటి సంగతికి ఈమధ్య మంచి ఉదాహరణే దొరికింది. 2025 జూన్ చివరలో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ముఖ్యమంత్రి కాన్వాయ్ కోసం సిద్ధం చేసిన 19 వాహనాలు ఒకే బంకులో డీజిల్ కొట్టించుకుని, కొద్ది దూరంలోనే ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ట్యాంకులు దించి చూస్తే డీజిల్‌తో పాటు నీరు వచ్చింది. వర్షాలకు బంకు భూగర్భ ట్యాంకులోకి నీరు చేరిందన్నది అప్పుడు బయటికి వచ్చిన వివరణ. బంకుకు సీలు వేశారు. ముఖ్యమంత్రి బండ్లు కాబట్టి వార్త అయింది. సామాన్యుడి బండి ఆగితే ఇంజిన్ పాతదని అనేస్తారు.

వానాకాలంలో తడిసి ముద్దయ్యే సూరత్‌కు ఇది పరాయి కథ కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటితో తపతి పొంగి నగరంలో చాలా భాగం రోజుల తరబడి మునిగింది. అలాంటి వరద తర్వాత భూమిలో ఉన్న ఏ ట్యాంకునైనా పరీక్షించకుండా నమ్మడం ప్రమాదమే. ఆనాటి పాత ఇంజిన్లు కొంత నీటిని తట్టుకునేవి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కామన్ రైల్ ఇంజిన్లు అలా తట్టుకోవు. వాటిలో డీజిల్ 1,600 బార్లు, ఆ పైన ఒత్తిడిలో ఉంటుంది. లోపలి భాగాల మధ్య ఖాళీ వెంట్రుక మందంలో చిన్న వంతు. ఆ ఖాళీలో జారుడు కోసం ఉండాల్సిన డీజిల్ స్థానంలో నీరు చేరితే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు కలిపి పోతాయి. అప్పుడు మరమ్మతు ఖర్చు ఒక ట్రిప్పు కిరాయితో తీరేది కాదు. ఫిల్టరు కింద ఉండే వాటర్ సెపరేటర్ నుంచి వానాకాలంలో తరచుగా నీరు వదలడం, డ్యాష్‌బోర్డు మీద ఆ దీపం వెలిగితే మరో కిలోమీటరు కూడా లాగకుండా ఆపడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ఒక హెచ్చరిక అవసరం. బీఎస్6 లారీలో శక్తి పడిపోయిన ప్రతిసారీ ఇంధనమే కారణం కాదు. యూరియా ద్రావణం అయిపోయినా, పొగ ఫిల్టరు నిండిపోయినా, టర్బో గొట్టం చిరిగినా కంప్యూటరు కావాలనే శక్తి తగ్గిస్తుంది. పాత బండ్లలో నల్ల పొగ వస్తే గాలి తక్కువ, పొగ లేకుండా నీరసిస్తే డీజిల్ తక్కువ అని తేల్చేవారు. పొగ ఫిల్టరు వచ్చాక ఆ గుర్తు పోయింది. కోడ్ చదివే పరికరం లేకుండా భాగాలు మార్చుకుంటూ పోవడం డబ్బు దండగ.

కార్లలో కొత్త ప్రశ్న ఇథనాల్. 2030 నాటికి పెట్టుకున్న 20 శాతం లక్ష్యాన్ని ప్రభుత్వం ముందుకు జరిపి 2025లో చేరుకుంది. ఒక కిలో ఇథనాల్ మండటానికి సుమారు 9 కిలోల గాలి చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. లెక్క వేస్తే ఈ20కి శుద్ధ పెట్రోలు కంటే సుమారు 8 శాతం ఎక్కువ పరిమాణం కావాలి. ఈ20 కోసం తయారైన కారులో పంపు, ఇంజెక్టర్లు దానికి తగ్గట్టే ఉంటాయి. ఇబ్బంది అంతా పాత కార్లలో, అంతకంటే ఎక్కువగా రీమ్యాప్ చేయించిన కార్లలో. లాప్‌టాప్ పెట్టి టర్బో ఒత్తిడి పెంచి, అరగంటలో 20, 30 హార్స్‌పవర్ కలిపిస్తామనే దుకాణాలు పెద్ద నగరాలన్నిటా వెలిశాయి. గాలి పెంచడం సాఫ్ట్‌వేర్‌తో అయిపోతుంది. ఇంధనం పెంచాలంటే పంపు మార్చాలి, దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఇథనాల్‌కు ఒక మేలైన గుణమూ ఉంది, అది ముందస్తు మంటను బాగా అడ్డుకుంటుంది. అయితే సరిపడా అందితేనే. నీటి విషయంలో మాత్రం అది నమ్మదగ్గది కాదు. కొంతవరకు నీటిని తనలో కలుపుకుని, హద్దు దాటగానే పెట్రోలు నుంచి విడిపోయి నీటితో సహా ట్యాంకు అడుగుకు చేరుతుంది. పంపు నోరు ఉండేది కూడా అక్కడే.

రిజర్వ్‌లో బండి తిప్పే అలవాటు టర్బో కారుకు రెండు విధాల చేటు. మలుపుల్లో పంపు గాలి మింగుతుంది. పైగా ట్యాంకులోని పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. సూరత్ మే నెల ఎండలో పావు ట్యాంకు లోపు తిరిగితే పంపు ఆయుష్షు తగ్గుతుంది.

పరీక్ష చేయించాలనుకుంటే అడగాల్సింది ఒక్కటే: లోడు మీద కొలవండి అని. పోర్ట్ ఇంజెక్షన్ టర్బో కారైతే ఇంధన గొట్టానికి గేజీ కలిపి, దాని ముఖం అద్దంలోంచి కనిపించేలా కట్టి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కాలి. టర్బో ఒత్తిడి ఎంత పెరిగిందో గేజీ ముల్లు అంతే పెరగాలి, అక్కడే నిలబడాలి. మొదట పెరిగి తర్వాత కిందికి వాలితే పంపు గానీ ఫిల్టరు గానీ చాలడం లేదు. అసలు పెరగకపోతే ముందుగా ఆ సన్నని రబ్బరు పైపు చూడాలి. కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో గేజీ అక్కర్లేదు. స్కానర్‌లో కంప్యూటరు కోరిన ఒత్తిడి, నిజంగా ఉన్న ఒత్తిడి పక్కపక్కనే కనిపిస్తాయి. పూర్తి లోడులో ఆ రెండు గీతలు విడిపోకూడదు. లారీలకైతే ఫిల్టరుకు అటూ ఇటూ కొలిచి తేడా చూడాలి. ఆ కొలత కొత్త ఫిల్టరు వేసిన రోజున ఒకసారి రాసిపెట్టుకుంటే తర్వాతి ఘాట్‌కు ముందు పోల్చుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.